సర్‌ని మార్చే ముందు ఒక నెల క్లాసు మీ చేతుల్లోకి తీసుకోండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ పియానో మీద ఇష్టం. మూడేళ్ల క్రితం మా కాలనీకి దగ్గర్లో ఉండే ఒక పెద్దాయన దగ్గర చేరాను. చాలా మంచి మనిషి, ఎన్నో ఏళ్లు చర్చిలో పాటల పుస్తకం పెట్టుకుని వాయించారు. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల సంగీత పరీక్షల్లో గ్రేడ్ 2లో 80 వచ్చి మెరిట్‌తో పాసయ్యాను (పాటలకు 18, 19, 18, స్కేల్స్, ఎక్సర్‌సైజులు వాయించే టెక్నికల్ వర్క్‌కు 10, విని జవాబు చెప్పే ఆరల్‌కు 7, పాటల గురించి ప్రశ్నలడిగే మ్యూజికల్ నాలెడ్జ్‌కు 8). ఎనిమిది నెలలుగా గ్రేడ్ 3 పాటలు మూడే వాయిస్తున్నాను. సర్ వాయించి చూపిస్తారు, నేను ఆయన వేళ్లు చూసి పట్టుకుంటాను, నోట్ల (స్వరాల గుర్తుల) మీద పెన్సిల్‌తో వాటి పేర్ల అక్షరాలు కూడా రాసిస్తారు. కానీ కొత్త పేజీ ఏదైనా ముందు పెడితే ఒక్క లైను సొంతంగా వాయించలేను. ఇంట్లో 61 కీల కీబోర్డు ఉంది. ఆఫీసులో స్నేహితురాలు తను వెళ్లే అకాడమీకి రమ్మంటోంది, అక్కడ ఆరు నెలల్లో స్టేజి మీద సినిమా పాటలు వాయిస్తున్నారట. అమ్మేమో గురువుని మధ్యలో వదిలేయకూడదంటోంది. మార్చాలా, వద్దా? గ్రేడ్ 3 పరీక్షకు ఇప్పుడే ఫీజు కట్టేయనా? - ఒక పాఠకురాలు

సమాధానం: మార్కులు విడివిడిగా రాసి మంచి పని చేశారు. చాలామంది మెరిట్ వచ్చిందని చెప్పి ఊరుకుంటారు, అప్పుడు బయటివాళ్లకు ఏమీ అర్థం కాదు. ట్రినిటీలో 100 మార్కుల్లో మూడు పాటలకు 66, టెక్నికల్ వర్క్‌కు 14, మిగిలిన 20 రెండు సపోర్టింగ్ టెస్టులకు. ఈ టెస్టులు సైట్ రీడింగ్ (కొత్త కాగితం చూసి అప్పటికప్పుడు వాయించడం), ఆరల్, ఇంప్రొవైజేషన్ (సొంతంగా కల్పించి వాయించడం), మ్యూజికల్ నాలెడ్జ్ అని నాలుగు రకాలు, గ్రేడ్ 5 వరకు వాటిలో మనకు నచ్చిన రెండు ఎంచుకోవచ్చు. మీరు ఆరల్, మ్యూజికల్ నాలెడ్జ్ ఎంచుకున్నారు. అంటే ముందెప్పుడూ చూడని కాగితం చూసి వాయించాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాకుండా మెరిట్ తెచ్చుకున్నారు. ఇందులో తప్పేమీ లేదు, నియమాలే ఒప్పుకుంటాయి. కానీ ఇలాగే గ్రేడ్ 5 దాకా వెళ్లిపోవచ్చు, ఆరో గ్రేడ్‌లో సైట్ రీడింగ్ తప్పనిసరి అయినప్పుడు మాత్రం ఎన్నేళ్ల బాకీ అంతా ఒకేసారి తీర్చాల్సి వస్తుంది. అక్కడ ఆగిపోయి మళ్లీ పియానో మూత తెరవని వాళ్లున్నారు. మీకు అలా కాకూడదు.

కాబట్టి మీ సమస్య పేరు "సర్" కాదు. మీకు చదవడం రాలేదు, అంతే. రాని భాషలో పాటని తెలుగు అక్షరాల్లో రాసుకుని పాడతాం చూడండి, పాట చక్కగానే వస్తుంది, కానీ రెండో పాట పాడాలంటే మళ్లీ ఎవరో రాసివ్వాలి. మీరు మూడేళ్లుగా వాయిస్తున్నది అలాగే. ప్రతి పాటా సున్నా నుంచి మొదలవుతోంది కాబట్టే మూడు పాటలకు ఎనిమిది నెలలు పట్టింది, అది మీ తెలివితక్కువతనం కాదు, వయసు వల్ల అసలే కాదు.

మరి ఇది ఎవరి తప్పు అంటారా? కొంత సర్‌దే. వేళ్లు చూపించి నేర్పడం తేలిక, అక్షరాలు రాసివ్వడం దయ, కానీ మూడో ఏడు కూడా రాసిస్తున్నారంటే ఆయన ఎక్కడో ఆపాల్సింది ఆపలేదు. అయితే మీ ఉత్తరంలో నాకు ఎంత వెతికినా దొరకని వాక్యం ఒకటుంది: "ఈ సంగతి సర్‌తో చెప్పాను" అన్నది. స్నేహితురాలికి చెప్పారు, అమ్మకు చెప్పారు, నాకూ రాశారు. ఆయనకు మాత్రం చెప్పలేదు. ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి, ఆఫీసులో అలిసిపోయి వచ్చే ఒకావిడ, పాట వస్తే సంతోషపడుతుంది, పరీక్షలో మెరిట్ వచ్చింది, ఫిర్యాదు లేదు. ఇంకేం అనుకుంటారు? ఈవిడకు కావలసింది ఇదే అనుకుంటారు.

ఇంకో మాట, మీరు దాన్ని గమనించినట్టు లేదు. ఎన్నో ఏళ్లు చర్చిలో పుస్తకం పెట్టుకుని వాయించారని రాశారు. నోట్లతో ఉండే చర్చి కీర్తనల పుస్తకంలో మామూలుగా పాట నాలుగు గొంతులకు రాసి ఉంటుంది, పై లైన్లో రెండు, కింది లైన్లో రెండు, నాలుగూ ఒకేసారి చూస్తూ, జనం పాడుతుంటే ఆగకుండా వాయించాలి, ఆ ఆదివారం ఏ పాట ఇస్తారో ఒక్కోసారి అప్పటికప్పుడే తెలుస్తుంది. అలా వాయించగలిగిన మనిషికి సైట్ రీడింగ్ అంటే ఊపిరి పీల్చినంత మామూలు విషయం. మీకు లేనిది సరిగ్గా ఏదో, ఆయన దగ్గర పుష్కలంగా ఉన్నది అదే. అది మీరు అడగలేదు, ఆయన ఇవ్వలేదు. అడక్కుండానే వదిలేసి ఇంకో చోటికి వెళ్లడం నాకైతే నచ్చదు.

అందుకే ఒక నెల ఆగమంటున్నాను. ఊరికే ఆగడం కాదు, ఈ నెల క్లాసులో ఏం జరగాలో మీరు నిర్ణయించండి. వచ్చే క్లాసులో కూర్చోగానే, ఆయన వాయించడం మొదలుపెట్టకముందే, ఈ మాట అనండి: "సర్, మీరు చూపిస్తే నాకు వచ్చేస్తోంది, కానీ సొంతంగా చదవడం రావట్లేదు. ఈ నెల మీరు వాయించి చూపించకండి, అక్షరాలు కూడా రాయకండి. నేనే మెల్లగా చదువుతాను, తప్పు పోయిన చోట ఆపండి." ఇందులో ఆయన్ని తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు, మీ కష్టం మీరు చెప్పుకున్నారు, అంతే. మొదటి క్లాసు నత్తనడకగా ఉంటుంది, నాలుగు బార్లు (నిలువు గీతల మధ్య ఉండే చిన్న భాగాలు) చదవడానికి ఇరవై నిమిషాలు పట్టినా పట్టొచ్చు, మీకే సిగ్గుగా అనిపించి "పోనీ సర్, మీరే ఒకసారి వాయించండి" అనాలనిపిస్తుంది. అనకండి.

ఇంట్లో చేయాల్సింది క్లాసు కన్నా ముఖ్యం, వారంలో సర్ మీతో ఉండేది ఒక గంట, మిగతా రోజులన్నీ మీకు మీరే టీచర్. ముందు రబ్బరు తీసుకుని గ్రేడ్ 3 పుస్తకంలో పెన్సిల్ అక్షరాలన్నీ చెరిపేయండి. ఆ తర్వాత ఆ పుస్తకం పక్కనపెట్టి, ఇనిషియల్ స్థాయి (గ్రేడ్ 1 కన్నా ముందుది) పాటలున్న ఇంకో పుస్తకం ఏదైనా తెచ్చుకోండి, మీరు ఎప్పుడూ చూడనిది, మీకు చిన్నపిల్లల పాటల్లా అనిపించేంత తేలికైనది. రోజుకు పది నిమిషాలు, రోజుకో కొత్త పాట. మొదలుపెట్టే ముందు వేళ్లు ఒళ్లో పెట్టుకుని ఓ అరనిమిషం కాగితం చూడండి: షార్ప్, ఫ్లాట్ (స్వరాన్ని అరమెట్టు పెంచే, తగ్గించే గుర్తులు) ఎన్ని, తాళం నాలుగా మూడా, చేతులు ఎక్కడ మొదలవుతాయి, ఎక్కడ గెంతుతాయి. తర్వాత ఎంత మెల్లగా అయినా సరే, మొదలుపెట్టాక ఆగకూడదు. తప్పు నోటు పడ్డా వెనక్కి వెళ్లి సరిచేయకండి, లెక్క తప్పకుండా ముందుకు పోండి. సైట్ రీడింగ్‌లో అందరికీ కష్టంగా ఉండేది ఇదే, చేయి తనంతట తనే వెనక్కి లాగుతుంది. అయిపోయాక ఆ పాటను మళ్లీ మళ్లీ వాయించి కంఠతా పట్టకండి, పట్టేస్తే అది చదవడం కాకుండా పోతుంది. రేపు ఇంకోటి.

నోట్లు గుర్తుపట్టడానికి ప్రతి గీతకూ పేరు బట్టీపట్టే పద్ధతి పెద్దవాళ్లకు విసుగు తెప్పిస్తుంది. మూడు గుర్తులు చాలు, మిగతావి అక్కడి నుంచి లెక్క. ట్రెబుల్ క్లెఫ్ (పై ఐదు గీతల మొదట్లో ఉండే గుర్తు) మెలిక ఏ గీత చుట్టూ తిరుగుతుందో అది జి. బాస్ క్లెఫ్ (కింది ఐదు గీతల గుర్తు) పక్కన రెండు చుక్కలుంటాయి కదా, ఆ చుక్కల మధ్య గీత ఎఫ్. ఈ రెండింటికీ నడుమ, పై స్టాఫ్‌కి (ఐదు గీతల వరసకి) కింద, కింది స్టాఫ్‌కి పైన ఒంటరిగా చిన్న గీత మీద కూర్చునేది మిడిల్ సి. ఇక ఒక గీత నుంచి పై గీతకు వెళ్తే ఒక తెల్ల కీ వదిలి తర్వాతది, గీత నుంచి పక్కనున్న ఖాళీకి వెళ్తే పక్క కీ. పేర్లు చదవడం మానేసి దూరాలు చదవడం మొదలుపెట్టారంటే వేగం దానంతట అదే వస్తుంది, వేగంగా చదివేవాళ్లు చేసేది అదే.

గ్రేడ్ 3 పాటల గురించి కూడా ఒకటి చెప్పాలి. ప్రతి పాటలోనూ మీరు ఎప్పుడూ తడబడే చోటు ఒకటుంటుంది. మీరు బహుశా మొదటి నుంచి వాయించుకుంటూ వచ్చి, అక్కడ తడబడి, "అయ్యో" అని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నారు. అందరూ చేసేదే. దాంతో ఎలాగూ వచ్చిన మొదటి నాలుగు బార్లు ఇంకా బాగా వస్తాయి, రాని బారు తడబాటుతో సహా అలవాటైపోతుంది. ఆ ఒక్క బారు తీసుకోండి. ఇంకా చిన్నగా, తప్పు పడే నోటు, దాని ముందు రెండు నోట్లు. కుడిచేత్తో సి మేజర్ స్కేల్ ఎక్కుతున్నారనుకోండి: సి మీద బొటనవేలు, డి మీద రెండో వేలు, ఇ మీద మూడో వేలు, తర్వాత బొటనవేలు అరచేతి కిందుగా వచ్చి ఎఫ్ పట్టుకోవాలి. ఎఫ్ గట్టిగా టప్‌మని పడితే మనం ఎఫ్‌ని తిట్టుకుంటాం, కానీ డి వాయించేటప్పుడే బొటనవేలు లోపలికి జరగడం మొదలుపెట్టాలి, మీది ఇ అయ్యేదాకా బయటే ఉండిపోయి చివర్లో పరుగు తీసింది. వినిపించే చోట తప్పు ఉండదు, దానికి ముందు ఉంటుంది. ఇలా వెతుక్కోవడం మొదలుపెట్టాక క్లాసుకు మీరు తీసుకెళ్లే ప్రశ్నే మారిపోతుంది. "సర్, ఈ పాట రావట్లేదు" అంటే ఆయన మళ్లీ పాటంతా వాయించి చూపిస్తారు. "సర్, పదకొండో బారులో నాలుగో వేలు తర్వాత బొటనవేలు అందట్లేదు, వేరే ఫింగరింగ్ (వేళ్ల వరస) ఉందా?" అంటే ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుంటారు. ప్రాక్టీసు ఫోన్లో రికార్డు చేసుకుని వినండి కూడా, వాయించేటప్పుడు మనకు వినిపించేది వేరు.

కీబోర్డు సంగతి మర్చిపోకముందే చెప్తాను, ఇది మీరు ఒక్క మాటలో రాసి వదిలేశారు కానీ చిన్న విషయం కాదు. పియానోకు 88 కీలు, ఒక్కో కీ వెనక సుత్తి ఉంటుంది కాబట్టి బరువుంటుంది. మామూలు 61 కీల కీబోర్డులో కీలు తేలిగ్గా ఉంటాయి. వారమంతా తేలికపాటి కీల మీద ప్రాక్టీసు చేసి సర్ ఇంట్లో అసలు పియానో ముందు కూర్చుంటే చిన్న నోట్లు సరిగా పలకవు, చేయి తొందరగా అలసిపోతుంది, ఇంట్లో వచ్చింది ఇక్కడ రావట్లేదని టెన్షన్ మొదలవుతుంది. ఇది ఏ టీచర్ దగ్గరికి వెళ్లినా మీతోనే వస్తుంది. కొత్త అకాడమీ అడ్మిషన్‌కు పెట్టే డబ్బుకు మరికొంత కలిపి బరువు కీలున్న 88 కీల డిజిటల్ పియానో, సెకండ్ హ్యాండ్‌దైనా సరే, చూడండి. కూర్చునే ఎత్తు కూడా సరిచూసుకోండి, ముంజేయి నేలకు సమాంతరంగా, మోచేయి కీల ఎత్తులో ఉండాలి. డైనింగ్ టేబుల్ కుర్చీలో కూర్చుని వాయిస్తుంటే కింద ఏదైనా వేసుకోవాల్సి రావచ్చు.

ఇక నెల అయ్యాక. సర్ మీ మాట విని ఎలా స్పందించారన్నదే మీ ప్రశ్నకు జవాబు. ఆయన సంతోషపడి, తన కీర్తనల పుస్తకం తీసి "ఇది చూసి నువ్వు కింది లైను వాయించు, నేను పైది వాయిస్తాను" అన్నారనుకోండి, ఇక మార్చాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు, ఇద్దరూ కలిసి చదువుతూ వాయించడాన్ని మించిన సైట్ రీడింగ్ క్లాసు లేదు. కొంచెం ఇబ్బంది పడి, రెండు క్లాసులు మీ మాట విని మూడో క్లాసులో పాత పద్ధతికి వచ్చేస్తే, ఇంకోసారి గుర్తుచేయండి, ఎన్నో ఏళ్ల అలవాటు కదా. అలా కాకుండా "ఇవన్నీ నీకెందుకమ్మా, పరీక్షకు ఇది చాలు" అని కొట్టిపారేస్తే, అప్పుడు మార్చేయండి. మంచి మనిషి అయినా సరే మార్చేయండి. మంచితనం చూసి ఆయన ఇంటికి టీకి వెళ్లొచ్చు, పాఠానికి మాత్రం పాఠం చెప్పేవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

ఒక్క విషయంలో మాత్రం నెల కూడా ఆగొద్దు. వాయిస్తుంటే మణికట్టు, ముంజేయి నొప్పి వస్తోందని చెప్పినా "అలవాటవుతుంది, వాయించు" అనే టీచర్ ఎవరైనా సరే ఆ రోజే ఆపేయండి. నొప్పి వచ్చిందంటే చేతిని ఎక్కడో బిగబట్టి వాయిస్తున్నట్టు, దాన్ని చూసి సరిచేయడం టీచర్ మొదటి పని. మీరు నొప్పి గురించి రాయలేదు, లేదనే అనుకుంటున్నాను.

మీ స్నేహితురాలి అకాడమీని నేను కాదనను. సినిమా పాటలు వాయించడం చిన్నతనమేమీ కాదు, మనలో చాలామందికి పియానో మీద ప్రేమ పుట్టిందే సినిమా పాటల్లోంచి. కానీ ఆరు నెలల్లో స్టేజి ఎక్కించారంటే ఎలా నేర్పారో అడగండి, చూపించి బట్టీ పట్టిస్తే మీరు ఇప్పుడున్న చోటే ఉంటారు, కాకపోతే మైకు ముందు ఉంటారు. డెమో క్లాసుకు వెళ్లండి, మీకు ఎప్పుడూ చూడని పేజీ ఒకటి తీసుకెళ్లి "ఇది నేను సొంతంగా నేర్చుకోవాలంటే ఎలా మొదలుపెట్టాలి?" అని అడగండి. టీచర్ వెంటనే కూర్చుని తనే గడగడా వాయించేస్తే మీకు ఆయన ప్రతిభ తెలిసింది, అంతకు మించి ఏమీ తెలియలేదు. మిమ్మల్ని కూర్చోబెట్టి, విని, ఇంటి దగ్గర ఈ వారం ఏం చేయాలో చెప్పి పంపితే ఆలోచించదగ్గ మనిషే. ఒకే పాటను ఇద్దరి దగ్గర రహస్యంగా నేర్చుకోవడం మాత్రం వద్దు, ఫింగరింగ్ ఒకరు ఒకలా ఇంకొకరు ఇంకోలా రాస్తారు, చేతికి రెండూ రావు.

అమ్మ మాట. గురువుని వదలకూడదన్న ఆవిడ భయం మన ఇళ్లలో అందరికీ ఉన్నదే, దాన్ని తేలిగ్గా తీసేయలేను. కానీ సంగీతం చరిత్ర వేరేగా చెప్తుంది. పోలండ్ పియానో విద్వాంసుడు షోపాన్ మొదటి గురువు జివ్నీ అసలు వయొలిన్ వాయించేవాడు, కొన్నేళ్లకే పియానో మీద శిష్యుడు ఆయన్ని దాటిపోయాడు. 1821లో, పదకొండేళ్ల వయసులో, ఆ కుర్రాడు సొంతంగా ఒక పోలొనేజ్ (పోలండ్ నాట్యపు బాణీ) రాసి ఆయనకు అంకితం ఇచ్చాడు. తర్వాత స్వరకర్త ఎల్స్‌నర్ దగ్గర కంపోజిషన్ (స్వరరచన) నేర్చుకున్నాడు. మన ఇళయరాజా ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు, కర్ణాటకం కోసం టి.వి. గోపాలకృష్ణన్ దగ్గరికి వెళ్లారు. ఎవరి దగ్గర ఉన్నది వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. ఇది అమ్మకు చెప్పండి, వింటారు.

మార్చాల్సి వస్తే మాత్రం వెళ్లే తీరు ముఖ్యం. వాట్సాప్‌లో "కొంచెం బిజీ సర్" అని పెట్టి మాయమైపోవడం, తర్వాత కాలనీలో ఎదురుపడితే తల తిప్పుకోవడం, ఇవి మూడేళ్లు నేర్పిన పెద్దాయనకు చేయాల్సినవి కావు. నెలాఖరు క్లాసు దాకా వెళ్లండి, ఆ నెల ఫీజు పూర్తిగా ఇవ్వండి, ఎదురుగా కూర్చుని చెప్పండి: "సర్, మీ వల్లే నేను వాయించడం మొదలుపెట్టాను, ఇప్పుడు చదవడం మీద ఎక్కువ పని చేయించే చోట కొన్నాళ్లు నేర్చుకోవాలనుకుంటున్నాను." కారణాలు జాబితాగా చదవక్కర్లేదు, అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. ఆయన బాధపడొచ్చు. ఆ కొద్దిసేపు మీరు అక్కడే కూర్చోగలగాలి.

పరీక్ష ఫీజు ఇప్పుడే కట్టకండి. కట్టారంటే ఈ నెల మీరు చేయాలనుకున్నదంతా పోయి మళ్లీ ఆ మూడు పాటల చుట్టూనే తిరుగుతారు, సర్ కూడా పరీక్ష దగ్గరపడిందని పెన్సిల్ తీస్తారు. ట్రినిటీలో ముందు గ్రేడ్ రాశాకే తర్వాతి గ్రేడ్ రాయాలన్న నియమమేమీ లేదు, కాబట్టి ఈసారి రాయకపోతే వెనకబడిపోతారన్న భయం అక్కర్లేదు. ఈ సెషన్ వదిలేయండి. గ్రేడ్ 3 ఎప్పుడు రాసినా ఈసారి రెండు టెస్టుల్లో ఒకటి సైట్ రీడింగ్ పెట్టుకోండి, మొత్తం మీద కొన్ని మార్కులు తగ్గి మెరిట్ కాస్తా మామూలు పాస్ అయినా సరే.